అయిదు బొట్ల మధ్య యాంటెన్నా

కాకినాడ చేపల రేవులో ఏజెంట్ శ్యాంబాబు శవం తేలినప్పుడు అతని చొక్కా బొత్తాంలోని ట్రాన్స్‌మిటర్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"పోయేముందు పది సెకన్లు మాట్లాడాడు," అన్నారు చీఫ్ జగన్నాథరావు. "గట్టు మీద మన కారుంది. కారులో ఆ మాటలు పట్టే స్కానర్ ఉంది. అయినా ఒక్క ముక్క వినపడలేదు. యాంటెన్నా సరిగా లేదని రిపోర్టు రాశారు."

రాజమండ్రిలో బయట టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడే గది అది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ రాజేంద్రకి పెళ్లయి పదకొండు రోజులు. వేళ్లకి గోరింటాకు ఇంకా పోలేదు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. చేపల వేట నిషేధం నడుస్తోంది. పెద్ద బోట్లన్నీ రేవుల్లో కట్టేసి ఉన్నాయి. నీటి మీద ఉన్నవి ఇంజను లేని తెప్పలు మాత్రమే, అవే వందల్లో ఉంటాయి. వాటిలో ఒకదాని నిండా ఒక విదేశీ ముఠా పేలుడు పదార్థం నింపింది. లక్ష్యం గ్యాస్ టెర్మినల్. రేపు సాయంత్రం ఆరు గంటలకు. అది ఏ తెప్పో తెలిసినవాడు ముఠాలో జాలరిగా చేరిన మన పల్లంరాజు ఒక్కడే. సరిగ్గా అయిదూ నలభైకి పది సెకన్లు మాట్లాడతాడు.

"వినకపోతే?"

"శ్యాంబాబు ఫొటో పక్కన ఇంకో ఫొటో తగిలించుకోవాలి."

కొత్త దంపతుల వేషం. పెళ్లికూతురు ఏజెంట్ లావణ్య. పోయినసారి వినే కారులో ఉన్నదీ ఆవిడే కాబట్టి రోడ్డు బాగా తెలుసు. ఆఫీసు ఇవ్వబోయిన కారును మాత్రం రాజేంద్ర వద్దన్నాడు. దాని పైకప్పు సగం గాజు. "యాంటెన్నా అడుగున ఉండే అయస్కాంతం గాజుకి అంటదండి. నా పాత కారు తెస్తాను. పైనంతా రేకే."

బల్ల మీద మూడు యాంటెన్నాలున్నాయి. చేప రెక్కలాంటి బుల్లిది చూడ్డానికి బాగుంది, కానీ చెవిటిది. చుట్టలు తిరిగిన పొడుగుది అన్ని స్టేషన్లూ కొంచెం కొంచెం పట్టుకుంటుంది. రాజేంద్ర మూడోది తీసుకున్నాడు. నలభై ఎనిమిది సెంటీమీటర్ల ఒట్టి ఉక్కు పుల్ల. సముద్రం మీద మాట్లాడే తరంగానికి సరిగ్గా కొలిచినట్టుండే పొడవు.

మర్నాడు పొద్దున్న రామచంద్రపురంలో రాజేంద్ర ఇంటి ముందు టేపు పెట్టి కారు పైకప్పు కొలుస్తుంటే అతని భార్య సత్యవాణి కాఫీ తెచ్చింది. అతను చేసేది టెలికాం సర్వే అని ఆమె నమ్మకం.

"సరిగ్గా మధ్యలోనే ఎందుకండీ?"

రేకే యాంటెన్నాకి బలమని రాజేంద్ర చెప్పాడు. మధ్యలో ఉంటే నాలుగు వైపులా సమానంగా వింటుంది. అంచున పెడితే రేకు ఎటు ఎక్కువుంటే అటే బాగా వింటుంది. రెండోవైపు దాదాపు చెవుడు.

"అయితే కదలకూడదన్నమాట," అని సత్యవాణి లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా వాడటం ఆమె పుట్టింట్లో లేదు. మునివేళ్ల మీద లేచి, అయస్కాంతం చుట్టూ అయిదు బొట్లు పెట్టింది. ఆరోది అతని ముక్కు మీద పెట్టి, నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది.

యాంటెన్నా తీగ నలగకుండా వెనక తలుపు రబ్బరు కిందుగా లోపలికి తెచ్చి స్కానర్‌కి బిగిస్తున్నంతసేపూ అతని మొహం మీద నవ్వు పోలేదు. పల్లంరాజు గుర్తొచ్చాక పోయింది.

కాకినాడ పూల కొట్టు దగ్గర లావణ్య ఎర్ర పట్టుచీరలో, చేతిలో గులాబీల బొకేతో ఎదురైంది. రోడ్డు మీద నలుగురూ వెనక్కి తిరిగి చూసే అందం. కారుకి పూల అలంకరణ ఆవిడే దగ్గరుండి చేయించింది. ఆ అయిదు నిమిషాలూ రాజేంద్ర పక్కకెళ్లి ఫోన్లో చీఫ్ నుంచి కోడ్‌వర్డ్ తీసుకున్నాడు. మల్లెదండల్లో యాంటెన్నా మాయమైపోయింది.

ఉప్పాడ రోడ్డులో సముద్రం కుడివైపు. అయిదూ ముప్ఫై ఒకటికి, అనుకున్న చోట, బజ్జీల బండి పక్కన కారు ఆపాడు. స్కానర్‌లో గరగర తప్ప ఏమీ లేదు. గాలి పోసుకుందామని దిగి, పైకప్పు వైపు చూశాడు.

సముద్రపు గాలికి దండలు చెదిరిపోయాయి. నడిమధ్య అయిదు కుంకుమ బొట్లున్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

యాంటెన్నా కుడి అంచుకి జరిగి ఉంది. రేకంతా ఊరి వైపు. చెవుడంతా సముద్రం వైపు.

శ్యాంబాబు కూడా ఇలాగే గాలికి చెప్పుకుని చచ్చిపోయాడన్నమాట. అప్పుడు వినే కారులో ఉన్నదీ, ఇవాళ పూలు కట్టించిందీ లావణ్యే.

ఇప్పుడు యాంటెన్నా జరిపితే ఆ చప్పుడు లావణ్య వింటుంది. ఆవిడ చేతికి అందేంత దూరంలో స్కానర్ స్విచ్. ముందు ఆవిడను దింపాలి.

బజ్జీలు వేస్తున్న చిట్టెమ్మ అప్పటికే కారులోకి తొంగిచూస్తోంది. "కొత్త జంటాండి? అమ్మాయిగారు బొమ్మలా ఉన్నారండి బాబూ."

"దారంతా అందరూ చూశారు పిన్నిగారూ. కాస్త దిష్టి తీసెయ్యండి."

లావణ్య తలనొప్పి అంది. చిట్టెమ్మ వినలేదు. గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తలుపు తీసింది. దిష్టి వద్దనే పెళ్లికూతురు ఆ రోడ్డు మీద ఎవరికైనా వింతే. వేషం నిలబడాలంటే దిగాలి. దిగింది.

అయిదూ ముప్ఫై తొమ్మిది. రాజేంద్ర యాంటెన్నా పీకి బొట్ల మధ్య పెట్టాడు. టక్‌మంది.

లావణ్య తల తిప్పింది. బొకేలోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. "ఎలా తెలిసింది?"

"మా ఆవిడ చెప్పింది."

చిట్టెమ్మకి ఏజెంట్లూ ముఠాలూ తెలియవు. తాళి కట్టినవాడి మీదే తుపాకీ ఎత్తిన ఆడదాన్ని చూసింది, అంతే. గుప్పెట్లోని ఉప్పూ మిరపకాయలూ మొహం మీదికి విసిరికొట్టింది. గుండు అద్దానికి తగిలింది. రెండో గుండు పేలేలోపు రాజేంద్ర పిస్టల్ లాక్కుని ఆవిడ చేతులు పూలదండతో కట్టేశాడు.

స్కానర్ గొంతు విప్పింది. అలల హోరు, దానిలోంచి ఊపిరాడని మనిషి.

"ఎర్ర తెరచాప. నల్ల అతుకు. నన్ను పట్టేశారు. దూకేస్తున్నాను."

"పెళ్లివారు బయల్దేరారు," అని రాజేంద్ర ఫోన్లో చీఫ్‌కి కోడ్‌వర్డ్ అందించాడు. గుర్తులు చెప్పాడు.

గస్తీ బోటు ఎర్ర తెరచాపను అడ్డగించి టైమరు తీగ కోసేసరికి అందులో నాలుగు సెకన్లు మిగిలి ఉన్నాయి. వల బెండు పట్టుకుని తేలుతున్న పల్లంరాజు ఆరున్నరకి దొరికాడు, స్పృహ లేకుండా. బతుకుతాడని డాక్టరు చెప్పేదాకా రాజేంద్ర ఆస్పత్రి మెట్ల మీంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్న సత్యవాణి కారు చుట్టూ ఓసారి తిరిగింది. అయిదు బొట్లూ ఉన్నాయని సంతోషించింది. అద్దానికి పడిన కన్నం రాయి తగిలి పడిందంటే నమ్మింది. తర్వాత వైపర్ సందులోంచి వాడిపోయిన మల్లెదండ లాగింది.

"టెలికాం సర్వేకి ఇవెందుకండీ?"

ఆ ప్రశ్నకి మాత్రం చీఫ్ ఏ కోడ్‌వర్డూ ఇవ్వలేదు.