సున్నా వచ్చిన జవాబు

గూఢచారి సంస్థలో చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ కాఫీ చల్లారేలోపే అయిపోతుంది. ఈసారి కాఫీ కూడా రాలేదు. కొత్త యుద్ధవిమానానికి లెక్కలు కట్టే లాబ్‌లో విదేశీ ముఠా చెయ్యి పెట్టిందని, ఇవాళే టెస్ట్ ఫ్లైట్ అని, రుజువు లేకుండా ఆపించలేమని ఆయన చెప్పాడు. ఆ విమానం నడపబోయేది ఏజెంట్ పిచ్చుక సొంత తమ్ముడని ఇద్దరికీ తెలుసు.

పిచ్చుక సాఫ్ట్‌వేర్ ఆడిటర్ వేషంలో లాబ్‌లో అడుగుపెట్టాడు. కళ్లజోడులో కెమెరా ఉంది.

అక్కడి కంప్యూటర్ ఆల్జీబ్రా ప్రోగ్రామ్ పేజీలకు పేజీల టెన్సర్ సమీకరణాలను, అంటే బలాల పట్టికలతో నడిచే లెక్కలను, మింగి, కొట్టుకుపోయేవాటిని కొట్టేసి, నాలుగు ముక్కల్లో జవాబు చెబుతుంది. రెక్కను మెలిపెట్టే బలం ఎంత అని అడిగితే సున్నా అంది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సున్నా వస్తే మళ్లీ ఎవడు చూస్తాడు, పని లేకపోతే తప్ప?

ఆ లెక్క కట్టింది లాబ్‌లో అందరూ మేడమ్ అనే ఆవిడ. ముత్యాల దుద్దులు, సిల్కు స్కార్ఫు, చూసినవాడి మతి పోగొట్టే నవ్వు. మనకూ వాళ్లకూ కూడా కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. పిచ్చుక కోడ్ మాట చెప్పగానే ఆ నవ్వు మాయమైంది.

“ఒక టెన్సర్‌ని సిమెట్రిక్ అని, అంటే అడ్డం నిలువు మార్చినా అదే పట్టిక అని, ప్రోగ్రామ్‌కి అబద్ధం చెప్పాను. దాంతో ఆ బలమంతా కొట్టుకుపోయింది,” అంది. “డ్రోన్ అన్నారు ముఠావాళ్లు నాతో. లోపల మనిషి ఉంటాడని చెప్పలేదు.”

“మిమ్మల్ని ఎలా నమ్మేది?”

“నమ్మకండి. అంకెలు వేసి చూసుకోండి.”

నమ్మితే ఒక తంటా, నమ్మకపోతే ఇంకో తంటా. తమ్ముడి మొహం కళ్లముందు ఆడుతుంటే పిచ్చుక కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. సింప్లిఫై చెయ్యని మొదటి సమీకరణంలోనే విండ్ టన్నెల్‌లో నమూనా మీద గాలి ఊది కొలిచిన అంకెలు వేశాడు. అంకెలకు ఆమెతో చుట్టరికం లేదు, ముఠాతో లాలూచీ లేదు. కిటికీ బయట విమానం రన్‌వే మీదికి కదిలింది. ఎంటర్ నొక్కాడు.

సున్నా కాదు. రెక్కను విరిచేసేంత బలం.

తెర మీది అంకె కళ్లజోడు కెమెరాలోంచి చీఫ్‌కు చేరింది. విమానం వేగం అందుకుంటుండగా టవర్ ‘అబార్ట్’ అంది. రన్‌వే చివరి గీత దాటకముందే చక్రాలు ఆగాయి. పిచ్చుక కుర్చీలో కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు. మేడమ్ బేడీల కోసం తనే చేతులు చాపింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. అన్నయ్య ఏదో బీమా ఆఫీసులో పని చేస్తాడనే అతనికి తెలుసు. మండిపడుతున్నాడు.

“ఎవడో లెక్క తప్పు చేశాడట అన్నయ్యా. చివరి నిమిషంలో నా ఫ్లైట్ కాస్తా పోయింది. ఏం చదువులో ఏమో.”

“నిజమేరా,” అన్నాడు పిచ్చుక. “ఆపించినవాడెవడో దొరికితే నా తరఫున కూడా రెండు తగిలించు.”