ఎండకు ఆరిన పుదీనా

పుదీనా సంచితో వెళ్లిన మొదటి రోజే ఆమె నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగింది.

“ఎండలో ఆరబెట్టారా, నీడలోనా?”

“నీడలోనేనండీ. వారం పడుతుంది.”

ఆకు అరచేతిలో నలిపి, వాసన చూసి కళ్లు మూసుకుంది. “పాసయ్యారు రైతుగారూ!” అంది. నా చెవులు వేడెక్కాయి.

ఆమెది హెర్బల్ టీ కొట్టు. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, గల్లా దగ్గర వాళ్ల నాన్న. తిన్నది అరగనివాళ్లకు పుదీనా, గొంతు పట్టేసినవాళ్లకు అల్లం, నిద్ర పట్టనివాళ్లకు చామంతి. “ఇది మందు కాదండీ, కాస్త హాయి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే వెళ్లండి” అనేది అందరితో.

వారానికొకసారి వెళ్లేవాణ్ని మూడుసార్లు వెళ్లడం మొదలుపెట్టాను. ఆకును ఎండలో పడేస్తే రెండు రోజుల్లో గలగలలాడేది. వాసన పోతుందని తెలుసు. తెలియనట్టు ఉన్నాను. ఆమె నన్ను నమ్మి సంచి విప్పి చూడటమే మానేసింది.

నెలన్నర గడిచింది. ఆ రోజు వాన. సంచి దించి గుమ్మంలో నిలబడ్డాను. రోజూ వచ్చే లెక్కల మాస్టారు కప్పు పక్కకు నెట్టారు.

“ఏమ్మా, పుదీనా ఊరెళ్లిందా? వేడినీళ్లకు రంగేసి ఇస్తున్నావు!”

ఆమె మొహం చిన్నబోయింది. “మూత పెట్టే ఉంచాను మాస్టారూ, అయిదు నిమిషాలు...”

“నీ చేతిలో మునుపటి రుచి లేదే,” అన్నాడు వాళ్ల నాన్న. “వచ్చేవాళ్లు మానేస్తున్నారు. నెలాఖరుకు కొట్టు ఎత్తేద్దాం.”

ఆమె నా వైపు తిరిగి, “మీ ఆకు మంచిదేనండీ. నాకే చెయ్యి తప్పింది” అంది.

తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

“మీ చెయ్యి కాదండీ.” నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. “ఆకు ఎండలో ఆరబెట్టాను. నెలన్నర నుంచి.”

వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు.

“ఎందుకు?” అందామె. “అంత తొందరేమొచ్చింది?”

నేలచూపులు చూశాను. “నీడలో అయితే వారానికి ఒక్కసారే రావాలి.”

మాస్టారు వేళ్లు మడిచి, “ఓహో, లెక్క తేలింది” అన్నారు.

“నోరు లేదా మీకు?” ఆమె కళ్లలో నీళ్లు. “కాచి పారబోసి, కాచి పారబోసి, నా చేతినే తిట్టుకున్నాను!”

“తప్పేనండీ. మంచి ఆకు ఎవరిచేతైనా పంపిస్తాను. నేను రాను.”

సంచి భుజానికెత్తుకుని వానలోకి దిగాను.

“ఆగండి!”

ఆగాను. తల ఎత్తలేకపోయాను.

“కొట్టు సంగతి వచ్చే కోత దాకా చూద్దాంలే,” అంటున్నాడు వాళ్ల నాన్న లోపల, ఎవరితోనో అన్నట్టు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. “ఆకు వారం రోజులూ నీడలోనే ఆరాలి. తెచ్చినప్పుడల్లా విప్పి చూస్తాను. ఇక నమ్మను.”

“సరేనండీ.”

“మధ్య రోజుల్లో ఖాళీ చేతులతో రండి. బల్లలన్నీ ఖాళీయే, మీ పుణ్యమా అని!”