పదమూడు అంగుళాల రంపం

సరస్సు మీద మంచు కరిగి వారం కూడా కాలేదు. నీళ్ళ మీంచి లేచిన పొగమంచు మెట్ల దాకా వచ్చి, వంటింట్లోకి తొంగిచూస్తోంది. హిల్కా కాఫీ పోసి, ఏలకుల బన్ను కోసి పెట్టింది. ఆమె భర్త తౌనో రెండు చేతుల్తో కప్పును గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు పాలిపోయి సుద్దముక్కల్లా ఉన్నాయి.

సరస్సు అవతలి అడవిలో అతను ముప్ఫై రెండేళ్ళు మోటారు రంపంతో చెట్లు కోశాడు. ఆ అదురుకు వేళ్ళలో రక్తం ఆడటం మానేసింది. కాస్త చలి తగిలితే చాలు, స్పర్శ పోతుంది. మళ్ళీ రంపం ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆ మాట అతను విన్నట్టే లేడు.

పాత రంపం చలికాలంలో పాడైపోయింది. గాలివానకు పెరట్లో ఆరు తెల్లబెరడు బర్చ్ చెట్లు పడున్నాయి. అవి కోస్తేనే ఆవిరి స్నానాల గదికి ఏడాది పొడుగునా కట్టెలు.

"పద్దెనిమిది అంగుళాల బ్లేడున్నది తీసుకుందాం," అన్నాడు తౌనో.

"అడవి మొత్తం కొట్టేస్తావా ఏంటి?"

"బొమ్మ రంపం పట్టుకు తిరిగితే ఊళ్ళో నవ్వరూ?"

"ఉన్నవి పదకొండిళ్ళు. ఎంతసేపు నవ్వుతారులే!"

కాఫీ తాగి ఇద్దరూ కారులో రంపాల కొట్టుకు వెళ్ళారు. దాన్ని నడిపే మిర్యా పక్కింటివాళ్ళమ్మాయే. "బాబాయ్, ఏడాదికి ఎన్నిసార్లు కోస్తారు? అన్నిటికన్నా లావు దుంగ ఎంతుంటుంది?" అని అడిగింది.

తౌనో వినిపించుకోకుండా పెద్ద రంపాల వైపు నడిచాడు. హిల్కా సంచిలోంచి ఎర్ర ఊలుదారం తీసింది. అన్నిటికన్నా లావు చెట్టుకు చుట్టి కత్తిరించిన దారం అది. మిర్యా దాన్ని కొలిచి, లెక్కకట్టింది.

"దుంగ మందం పది అంగుళాలు, పిన్నీ. బ్లేడు అంతకన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే చాలు. పదమూడుది తీసుకోండి. పెద్దదైతే బరువు, పట్టు తప్పుతుంది."

ఆ మాట పూర్తవుతుండగానే దబ్బుమని చప్పుడైంది. తౌనో ఎత్తబోయిన పెద్ద రంపం చేతుల్లోంచి జారి బల్ల మీద పడింది. అతను తన వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరు కోస్తారో నువ్వు అడగలేదు, మిర్యా," అంది హిల్కా నెమ్మదిగా. "కోసేది నేను."

తౌనో బయటికి వెళ్ళిపోయాడు. ఏమీ కొనకుండానే హిల్కా వెంట వెళ్ళింది.

"ఆ పిల్ల ముందు నన్ను చేతకానివాణ్ణి చేశావ్," అన్నాడు కారులో.

"రోజూ పొద్దున్న నీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు? ఇంకెన్నాళ్ళు దాస్తావ్ అందరి దగ్గరా?"

అన్నాక హిల్కా నాలుక్కరుచుకుంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

సాయంత్రం ఆవిరి గదిలో, మిగిలిన కట్టెల వేడికి, అతని వేళ్ళు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి. అతను వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"రేపు మళ్ళీ వెళ్దాం," అన్నాడు. "పదమూడుదే. కానీ పిడి నీ చేతికి కుదరాలి. అది నేను చూస్తాను."

మర్నాడు కొట్లో నాలుగు రంపాలు ఆమె చేత ఎత్తించాడు. మోచెయ్యి ఎక్కడ వణుకుతుందో చూసి మూడు పక్కన పెట్టించాడు. ఇంటి దగ్గర రెండు రోజులు నేర్పించాడు. "కాళ్ళు ఎడంగా పెట్టు. బ్లేడు కొనతో కోయకు, ఎగిరి మీదికొస్తుంది." నలభయ్యేళ్ళ కాపురంలో అతను ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం హిల్కా ఎప్పుడూ వినలేదు.

మూడో పొద్దున్న ఆమె, "నువ్వు నిలబడి చూస్తుంటే నాకు చేతులాడవు, పో," అని అతన్ని తరిమేసి కట్టెలపాక వెనక్కి వెళ్ళింది.

తౌనో మెట్ల మీద కాఫీతో కూర్చున్నాడు. పొగమంచులోంచి రంపం చప్పుడు వచ్చింది. ఎక్కడో కలలో తుమ్మెద తిరుగుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ చప్పుడు వినపడకుండా చెవులకు డొప్పలు పెట్టుకుని ఆ రొద మధ్యే బతికాడు కానీ, దూరం నుంచి ఇలా ఉంటుందని అతనికి తెలియదు. హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు ఆగింది.

దుంగ తిప్పుకుంటోందేమో అనుకున్నాడు. ఒకటి, రెండు, మూడు... లేచాడు. కప్పు ఎక్కడ పడిందో చూడలేదు. చెప్పుల్లేకుండా తడిగడ్డిలో పరుగెత్తాడు.

హిల్కా దుంగ మీద కూర్చుని బూటులో పడ్డ రంపపుపొట్టు దులుపుకుంటోంది.

"ఏమైంది? ఎందుకలా పరిగెత్తుకొచ్చావ్?"

"చప్పుడు... ఆగిపోయింది."

ఆమె అతని కాళ్ళ వంక చూసింది, మొహం వంక చూసింది. అతనికి అప్పుడు తట్టింది. ముప్ఫై రెండేళ్ళు ఆ మెట్ల మీద కూర్చున్నది ఎవరు? సరస్సు అవతల తన రంపం ఆగిన ప్రతిసారీ విన్నది ఎవరు?

"నువ్వు... ఎంతవరకు లెక్కపెట్టేదానివి?" అన్నాడు.

"రెండొందలు. ఆ తర్వాత బూట్లేసుకునేదాన్ని. పడవ దాకా వచ్చేసరికి మళ్ళీ మొదలయ్యేది." హిల్కా నవ్వబోయింది, కానీ కళ్ళు నిండాయి. "నువ్వు?"

"ముప్ఫై," అని తౌనో తడిసిన కాళ్ళతో ఆమె పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె అతని చల్లటి వేళ్ళను తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, అవి ఎర్రబడేదాకా రుద్దింది.