దానమ్మక్కకి చెప్పాల్సిన మాట

దేవకుమారి పెనం మీద అట్టు తిరగెయ్యడం మరిచిపోయింది. మాడువాసన వచ్చాక గాని ఈ లోకంలో పడలేదు. వరండాలో ఆమె భర్త కృపావరం నుదుటి మీద కట్టుతో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చదవడం లేదని ఆమెకి తెలుసు. ఇందాకటి నుంచీ ఒకటే పేజీ.

కృపావరం మండవల్లిలో ఒక స్కూలు బస్సు నడుపుతాడు. పోయిన వారం సాయంత్రం పిల్లలందర్నీ దింపేసి ఖాళీ బస్సుతో తిరిగొస్తూ, చేపల చెరువు దగ్గర పని ముగించుకుని నడిచి వెళ్తున్న దానమ్మని గుద్దాడు. ఆమె కాలు విరిగింది. "చేపల లారీలు కార్చిన నీళ్ళకి బండి జారిపోయింది" అని స్టేషన్లోనూ, స్కూల్లోనూ, ఇంట్లోనూ ఒకటే మాట చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ రోడ్డు తడవని రోజు ఉండదు మరి.

నమ్మనిది దేవకుమారి ఒక్కతే. చెల్లెలి కూతురి పెళ్ళికి ఏ రంగు చీర పెడదామని అడగడానికి ఆ సాయంత్రం తనే ఫోన్ చేసింది. "బండి మీద ఉన్నాను కుమారీ" అన్నాడాయన. "ఒక్క మాటండీ" అంది తను. ఆ ఒక్క మాట పూర్తి కాకుండానే ధడేలుమని చప్పుడు.

ఆ సంగతి ఈయన ఎందుకు దాస్తున్నట్టు? ఉద్యోగం పోతుందనా? తనని కాపాడాలనా? అసలు తప్పు ఫోన్ చేసినదానిదా, ఎత్తినవాడిదా? ప్రార్థనకి మోకరించినా మాట పెగలడం లేదు. క్షమించమని అడగాలంటే ఎవరి కోసం అడగాలో తెలియాలి కదా.

ఇంతలో గేటు తీసుకుని కూతురు నిస్సీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. ప్రమాదం జరిగాక, తమ డ్రైవర్లందరికీ క్లాసు చెప్పమని మండవల్లి స్కూలువాళ్ళు ఆమెనే పిలిచారు.

"నాన్నా, రేపు నేను వాళ్ళందరి ముందూ నిలబడాలి. ఒక్కటి అడుగుతాను. అప్పుడు మీ చేతిలో ఫోనుందా?"

"నీళ్ళమ్మా. చెప్పాను కదా."

"తడి రోడ్డు మీద ఎలా నడపాలో నాకు నేర్పిందే మీరు. ప్రార్థన చేసుకుని అన్నం తినే నోటితో చెప్పండి. ఫోను మాట్లాడలేదా?"

కృపావరం తల దించుకున్నాడు. "లేదు."

"అయితే రేపు ఏం చెప్పను? మా నాన్నది తప్పు కాదు, రోడ్డుదే తప్పని చెప్పనా?"

"అరవకే!" దేవకుమారి అట్లకాడ చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. "ఫోన్ చేసింది నేను. బండి మీద ఉన్నానని చెప్పారు. నేనే పెట్టెయ్యలేదు."

కృపావరం విసురుగా లేచాడు. "నిన్నెవరు చెప్పమన్నారు? ఊరంతా నిన్ను వేలెత్తి చూపిస్తారనే కదా నోరు మూసుకున్నాను! ఎత్తింది నేను."

"ఎందుకెత్తారు నాన్నా?" నిస్సీ గొంతు తగ్గింది.

"ఎత్తకపోతే కంగారు పడతారని. పోయిన ఎండాకాలం నీ ఫోను ఎత్తలేదని ఏడుస్తూ స్కూలుకి ఫోన్ చేసేశావు. అప్పట్నించీ ఎవరు చేసినా ఎత్తుతున్నానమ్మా."

నిస్సీ అరుగు మీద కూలబడింది. క్లాసులు అయ్యాక రోజూ తండ్రికి ఫోన్ చెయ్యడం ఆమెకి అలవాటు. ఆ వేళకి ఆయన రోడ్డు మీదే ఉంటాడని తెలుసు. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పే పాఠం తన ఇంట్లో చెప్పుకోలేదు.

దేవకుమారికి మరీ అయోమయమైంది. "అయితే తప్పు ముగ్గురిదీనా? ఎవరిదని చెప్పుకోవాలే?"

"మనం ఫోన్లు చెయ్యకూడదమ్మా, నిజమే. కానీ స్టీరింగు పట్టుకున్నది నాన్న."

కృపావరం తలూపాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టైంది. "ముందు దానమ్మక్కకి చెబుదాం. అట్నించి స్టేషన్‌కి వెళ్తాను. ఉద్యోగం సంగతి తర్వాత."

ముగ్గురూ బస్సెక్కి, కైకలూరు మీదుగా కొల్లేరు దాటి, దానమ్మని చేర్చిన ఏలూరు ఆస్పత్రికి వెళ్ళారు. ఎన్ని తిట్లు తినాలోనని దేవకుమారి దారంతా అనుకుంటూనే ఉంది.

ఆస్పత్రిలో దానమ్మ మంచం పక్కన నిలబడి కృపావరం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"నేనే అడ్డం వచ్చాననుకున్నాను తమ్ముడూ! మా అబ్బాయైతే, చూసుకుని నడవలేవా అని నన్నే తిట్టిపోశాడు. కళ్ళు తిరిగి రోడ్డు మీదికి వచ్చేశానేమో, మతి పోతోందేమోనని నిద్దర పట్టట్లేదు. నేను వారగానే నడుస్తున్నానా? నిజం చెప్పు."

"వారగానే అక్కా. మట్టి మీదే నడుస్తున్నారు. మీదికొచ్చింది నేనే."

"ఆ మాట మా వాడికీ చెప్పు."

"ఇప్పుడే చెబుతాను" అని కృపావరం బయటికి నడిచాడు.

దేవకుమారి ఇన్నాళ్ళూ తప్పు తనదా, ఆయనదా అని కొట్టుమిట్టాడిందే గాని, ఏ పాపమూ ఎరగని మనిషి దాన్ని నెత్తిన మోస్తోందన్న ఆలోచనే రాలేదు. మంచం పక్కన కూర్చుని దానమ్మ చెయ్యి పట్టుకుంది. దానమ్మ క్షమించాననీ అనలేదు, చెయ్యి విడిపించుకోనూ లేదు. ఇద్దరూ ఏడ్చారు.

కాసేపటికి నిస్సీ తల్లి భుజం మీద చెయ్యేసింది. "రేపు నాన్న కూడా క్లాసులో మాట్లాడతానన్నారమ్మా."

"డ్రైవర్లకి ఒక్కళ్ళకే చెబితే సరిపోదే" అంది దేవకుమారి కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళనీ రమ్మను. వాళ్ళతో నేను మాట్లాడతాను."