మెట్ల మీద ఆగిపోయిన మేక

బాషా భాయ్ ఆటో ఉస్మాన్‌గంజ్ దగ్గర ఆగిపోయింది. ముందున్న లారీలోంచి మిర్చి బస్తాలు దింపుతున్నారు. వెనకాల ఒకటే హారన్ల మోత. ఆటోలోని బడిపిల్లలకు మాత్రం ఏ తొందరా లేదు. యుస్రా కథ చెబుతోంది మరి.

"దెన్ ద గోట్ టేకెడ్ ద బ్యాంగిల్స్ బ్యాగ్," అంది యుస్రా కళ్ళు పెద్దవి చేసి.

తెల్లారితే పెళ్ళి. పెళ్ళికూతురి గాజుల సంచిని ఒక మేక నోట కరుచుకుని పారిపోయింది. హమ్మాద్, అఖిల ముందుకు వంగి వింటున్నారు. యుస్రా పక్కనే కూర్చున్న నందు కూడా వింటున్నాడు. కానీ అతను వినేది వేరు.

"టేకెడ్ కాదు, టుక్," అన్నాడు.

"టుక్. దెన్ ఇట్ రన్నెడ్ టు చార్మినార్."

"రన్నెడ్ ఏంది? ర్యాన్ అనాలె."

"ర్యాన్. దెన్ ఇట్ క్లైంబ్డ్ ద ఇస్టెప్స్."

నందు పగలబడి నవ్వాడు. "ఇస్టెప్స్ అంట. స్టెప్స్‌కు ముందల 'ఇ' ఎక్కడికెళ్ళి వచ్చింది? క్లైంబ్‌ల 'బి' పలకొద్దు, అది గూడ తెల్వదా?"

అతను నవ్వితే అఖిలకూ నవ్వొచ్చింది. హమ్మాద్ కూడా నవ్వాడు.

యుస్రా నవ్వలేదు.

"దెన్?" అన్నాడు హమ్మాద్.

"ఏం లేదు," అని యుస్రా బయటికి తిరిగి కూర్చుంది. లారీ కదిలింది. ఆటో కదిలింది. మేక మాత్రం చార్మినార్ మెట్ల మీదే ఉండిపోయింది.

ఇదంతా డానియేలు సార్ మాటతో మొదలైంది. ఆయన ఐదో తరగతికి ఇంగ్లీషు చెబుతారు. "ఇంటికి పోయేటప్పుడు ఇంగ్లీషుల మాట్లాడుకోండి. తప్పులు వస్తే రానియ్యండి," అన్నారు. క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చిన నందుకు ఆ రెండో మాట చెవికెక్కలేదు. ఆ రోజు నుంచి ఆటోలో అతనే పోలీసు. అఖిల "కజిన్ బ్రదర్" అంటే "కజిన్ అంటే సాలు" అనేవాడు. చివరికి బాషా భాయ్‌నూ వదల్లేదు. ఆయన ఫోన్‌లో "రిటర్న్ బ్యాక్ వస్తున్న" అంటే, నందు సీట్లోంచి లేచి మరీ "రిటర్న్ అంటేనే అయిపాయె భాయ్, బ్యాక్ ఎందుకు?" అన్నాడు. బాషా భాయ్ "అచ్ఛా సాబ్" అని ఊరుకున్నాడు.

మర్నాడు యుస్రా కథ చెప్పలేదు. తల నొస్తోందంది. ఆ తర్వాత రోజూ అంతే. ఏమడిగినా ఎస్, నో. అఖిల ఏదో చెప్పబోయి, నందు వైపు చూసి నోరు మూసుకుంది. నోరు విప్పితే కదా తప్పు దొరికేది. ఆటోలో తప్పులే లేకుండా పోయాయి. మాటలూ లేకుండా పోయాయి.

"నీ వల్లనే," అన్నాడు హమ్మాద్. "మేక ఏమైందో మాకు ఎట్ల తెల్వాలె?"

"నేనేమన్న తప్పు చెప్పిన్నా? కరెక్టే చెప్పిన."

"కరెక్టే. మరి మేక ఏది?"



శనివారం ఆటో దిగేటప్పుడు యుస్రా, "సోమవారం నుంచి మా అన్న బండి మీద పోత భాయ్," అని బాషా భాయ్‌తో చెప్పింది. ఎల్‌కేజీ నుంచీ ఆటోలో ఆమె, నందు పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె లేని ఆటోను అతను ఎప్పుడూ ఊహించుకోలేదు.

ఆ రోజు నందు వాళ్ళ కొట్టంలో పెద్ద బర్రె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడ్డి ముట్టలేదు. వాళ్ళది పాల వ్యాపారం. బాపు బాలరాజ్ పశువుల డాక్టర్ కోసం ఎదురుచూస్తూ దాని పక్కనే కూర్చున్నాడు.

"బిడ్డా, యుస్రా వాళ్ళింట్ల పాలు నువ్వే పోసి రా," అన్నాడు.

"నేనా? అమ్మను పంపు బాపు."

"అమ్మ ఇంకో దిక్కు పోయింది. పో, లొల్లి చెయ్యకు."

యుస్రా వాళ్ళ గడప ముందు నందు కాసేపు నిలబడ్డాడు. లోపల యుస్రా నానమ్మ షౌకత్ బీ గాజులకు రాళ్ళు అతికిస్తోంది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఉర్దూనే. యుస్రా అతన్ని చూసి గబుక్కున పరదా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆవో బేటా. బాపు నై ఆయే?" అంది షౌకత్ బీ.

"హమారా బర్రె గడ్డి నై ఖాతా, దాదీ."

నందు ఉర్దూ అంతే. సగం తెలుగు, సగం అందాజు. దానికితోడు "ఖాతా" అనేసరికి, పాపం, పాలిచ్చే బర్రె కాస్తా మగదైపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు.

షౌకత్ బీ నవ్వలేదు. చేతిలో గాజు కింద పెట్టింది. "అయ్యో. తుమారీ భైంస్ ఘాస్ నై ఖాతీ? కబ్ సే నై ఖాతీ?"

"సుబా సే నై ఖాతీ, దాదీ."

"పానీ పీతీ?"

"పీతీ. థోడా పీతీ."

నీళ్ళు తాగుతోంది కదా, బాగైపోతుంది, ఫికర్ చెయ్యొద్దు అని ఆమె ధైర్యం చెప్పింది. దాని పేరేమిటని అడిగింది. దూడ ఎలా ఉందని అడిగింది. నందు గడప మీదే కూర్చుని అన్నీ చెప్పాడు. భైంస్ కొమ్ముల సంగతి, దూడ అల్లరి, బాపు బెంగ. తను ఇంత ఉర్దూ మాట్లాడగలనని అతనికే తెలియదు.

ఖాళీ క్యాను పట్టుకుని గల్లీలో సగం దూరం వచ్చాక తట్టింది. పోయేటప్పుడు బర్రె అన్నాడు. వచ్చేటప్పుడు భైంస్ అంటున్నాడు. "ఖాతా" ఎప్పుడు "ఖాతీ" అయిందో తెలియనే లేదు. తప్పు అని దాదీ ఒక్కసారి కూడా అనలేదు. ఊరికే, తన జవాబులో సరైన మాట పెట్టి ఇచ్చింది.

ఇంకోటి కూడా తట్టింది. పరదా వెనక యుస్రా అంతా విన్నది. ఉర్దూ ఆమెకు నీళ్ళు తాగినంత సులువు. నవ్వాలనుకుంటే ఎంత నవ్వొచ్చు. నవ్వలేదు. నందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

వెనక్కి పరుగెత్తాడు.

"యుస్రా, సోమవారం ఆటోలనే రా."

"ఎందుకు?" పరదా వెనక నుంచి వచ్చింది గొంతు.

"ఆ దినం నేను నవ్వేది లేకుండె."

పరదా కదిలింది. "మళ్ళ తప్పులు పట్టవా?"

పట్టనని ఊరికే ఒట్టు వేయడం నందుకు ఇష్టం లేకపోయింది. "ఒక్కసారి వచ్చి చూడు. నచ్చకుంటే మీ అన్నతోటే పో," అన్నాడు.



సోమవారానికి బర్రె లేచి గడ్డి తింది. సాయంత్రం బడి వదిలాక అందరూ ఆటో ఎక్కారు. బాషా భాయ్ ఇంజన్ స్టార్ట్ చేశాక, పొద్దున అన్న బండి మీద బడికి వచ్చిన యుస్రా ఎక్కి నందు పక్కన కూర్చుంది.

"ఇయ్యాల ఒక్కరోజే," అంది.

చాదర్‌ఘాట్ దాటాక యుస్రా గొంతు సవరించుకుంది.

"ద గోట్ ఈజ్ ఆన్ ద ఇస్టెప్స్. వాచ్‌మ్యాన్ కమెడ్."

అందరూ నందు వైపు చూశారు. అఖిల అయితే అతని నోరు మూయడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకుంది.

నందు నోటి దాకా వచ్చిన నవ్వును మింగేశాడు. "ద వాచ్‌మ్యాన్ కేమ్?" అన్నాడు ఆత్రంగా. "దెన్?"

యుస్రా అతన్ని ఓరగా చూసింది. "హీ కేమ్ విత్ బిగ్ కర్ర. గోట్ సెడ్, ఐ యామ్ హావింగ్ పర్మిషన్."

నందు వాచ్‌మ్యాన్‌లా మీసం మెలేశాడు. గొంతు లావు చేశాడు. "ఓ, యు హావ్ పర్మిషన్? షో మీ."

యుస్రా ముఖం వెలిగిపోయింది. మేకలా మెడ సాచింది. "ఐ హావ్. బట్ ఇట్ ఈజ్ ఇన్ మై స్టమక్. ఐ ఈటెడ్ ఇట్."

ఆటో గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నందే. ఈసారి మేకను చూసి.

"యు ఏట్ ఇట్?" అన్నాడు కడుపు పట్టుకుని.

"ఐ ఏట్ ఇట్. అండ్ ఇట్ వాజ్ వెరీ టేస్టీ," అంది మేక.

ఆటో ఆగింది. "నందూ, మీ గల్లీ వచ్చింది, దిగు," అన్నాడు బాషా భాయ్.

నందు దిగలేదు. సీటు పట్టుకుని ఇంకా గట్టిగా కూర్చున్నాడు.

"ముందుగాల మేకను దిగనీ, భాయ్."

బాషా భాయ్ ఇంజన్ ఆపేసి, తనూ వెనక్కి తిరిగి కూర్చున్నాడు.