బానిసలనే రాస్తాను!

"సంకెళ్ళు నా ఇంట్లో పెడతావా? మొగుడు పోయాక నీకు మతి కూడా పోయిందా?" అంటూ ఫిఫీన్ ఆ ఇనుప గొలుసుల్ని వాకిట్లోకి విసిరేసింది! లెమోర్న్ కొండ కింద ఆ పల్లెలో ఇరుగుపొరుగు తలుపులన్నీ తెరుచుకున్నాయి...

కోడలు జినెట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి భర్త దేజిరే వలలో పడిన సంకెళ్ళు. "మన మారిషస్‌లో దొరల బంగళాలన్నీ మ్యూజియాలయ్యాయి, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనవాళ్ళకి ఒక్క గదైనా లేదే!" అని వాపోయేవాడు. అతన్ని సముద్రం మింగేసింది. తుఫానుకు కప్పు లేచిపోయిన వీధి గదిని జినెట్ ఆ మ్యూజియం కోసమే కడిగి, సున్నం వేసింది. ఊరివాళ్ళు పాత చెరకు కత్తులు, మేకతోలు డప్పులు తెచ్చిచ్చారు.

"మా మూలపురుషుడు ఫ్రెంచి నావికుడే! బానిసలట... నా పరువు తీస్తావా?" అని అత్తగారు రోజూ శాపనార్థాలు పెట్టేది.

ఒకనాడు చెరకు తోటల మేనేజరు వచ్చాడు. "కప్పు మేం వేయిస్తామమ్మా. బోర్డు మీద బానిసలు అని మాత్రం వద్దు. 'తోట పనివారి స్మారకం' అని రాయించు. పాత పుండు కెలకడం దేనికి?"

"పుండు మాది దొరా! దాని పేరు మేమే చెబుతాం. బానిసలనే రాస్తాను!"

"వానొస్తే నీ మ్యూజియం ముద్దయిపోతుంది," అని నవ్వాడతను.

కర్రపెండలం తొక్క తీస్తున్న ఫిఫీన్ చెయ్యి ఆగిపోయింది. కత్తి పక్కన పెట్టి లేచింది.

"పనివారా? పనివాడు పొద్దుగూకితే ఇంటికెళ్తాడు నాయనా! మా అవ్వకి అవ్వ ఈ కొండెక్కి పారిపోతే పట్టుకొచ్చి చెవి కోశారు! చచ్చేదాకా తలగుడ్డ విప్పలేదామె. ఏ పనిమనిషికి చెవి కోస్తారయ్యా?"

జినెట్ నివ్వెరపోయింది. "అత్తయ్యా! మరి ఆ నావికుడు..."

"ఎవడూ లేడే తల్లీ! బళ్ళో బానిస బిడ్డవంటూ నన్ను ఏడిపిస్తుంటే మా అమ్మ నేర్పిన అబద్ధం... సిగ్గుపడాల్సింది కోసినవాడు కదే! ఇన్నాళ్ళూ నేను తల దించుకున్నాను!"

అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. మేనేజరు కారెక్కాడు.

ఏటా జరిపే బానిసత్వ రద్దు దినాన, టార్పాలిన్ కిందే మ్యూజియం తెరిచారు. వాన కారుతూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. వీధి గోడ దగ్గర ఫిఫీన్ రంగు డబ్బా పట్టుకుని నిలబడింది.

"చెవి కోయించుకున్న ఆ తల్లి పేరు మ్వనాషా. దొర పెట్టిన పేరు కాదు, తల్లి పెట్టింది. రాయి."

జినెట్ కుంచె ముంచి రాయబోయింది.

"అంత చిన్నగానా? పెద్దగా రాయవే! కారులో పోయేవాడికి కూడా కనబడాలి!"