బల్లల మధ్య చిలకమ్మ

"ఈ సందులో పిల్లి కూడా నడవలేదు. గౌను వేసుకుని నేనెలా నడవాలండీ?"

రెస్టారెంటు చిన్న ఓనరుతో చిలకమ్మ అన్న మొదటి మాట అది. అప్పటికింకా వేషం కట్టలేదు. భుజాన పెద్ద సంచీతో, నలిగిన చొక్కాతో నిలబడ్డ డ్రైవింగ్ స్కూల్ మాస్టారు, అంతే. వారమంతా జనానికి క్లచ్చూ బ్రేకూ నేర్పే ఆ మనిషి, ఆదివారం వస్తే విగ్గు పెట్టుకుని, కనురెప్పలు అంటించుకుని, ఆడవేషంలో పాటలకు పెదవులు కలుపుతూ ఆడతాడు. డ్రాగ్ అంటారు దాన్ని. చిలకమ్మ అన్నది ఆ వేషం పేరే. ఆదివారం పొద్దెక్కాక టిఫినూ భోజనమూ కలిపి పెట్టే బ్రంచ్‌కి ఆ ఆట కూడా జోడిద్దామన్నది చిన్న ఓనరు ఆలోచన.

"బల్లలు తీసేస్తే కస్టమర్లు ఎక్కడ కూర్చుంటారండీ?"

"నా కాళ్లకి అడ్డం పడకుండా ఎక్కడైనా సరే. ఇంకో మాట. ముందు కడుపులు నింపండి, తర్వాతే పాట. ఆకలి మీదున్నవాడికి నా నడుము కనిపించదు, పక్క బల్ల మీద ఆమ్లెట్ కనిపిస్తుంది."

"సరే. నాదీ ఓ మాట. స్పీకరు వంటింటి వైపు తిప్పకండి. ఆర్డరు వినబడకపోతే మా వంటమాస్టరు ఉప్పు రెండుసార్లు వేస్తాడు."

"అంత చెవిటివాడా?"

"కాదు. అంత రసికుడు. పాట వినిపిస్తే చాలు, గరిటె పట్టుకుని ఆడతాడు."

చిలకమ్మ నవ్వాపుకోవాలని చూసి ఓడిపోయాడు. బల్లలు మాత్రం ఆ సాయంత్రమే జరిగాయి.

మొదటి ఆదివారం జనం కంటే కుర్చీలే ఎక్కువ. అయినా చిలకమ్మ ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ముసలి దంపతులను ఆటపట్టించి, మూతి ముడుచుకున్న ఓ పెద్దమనిషి చేత కూడా చప్పట్లు కొట్టించాడు. మెల్లగా మాట పాకింది. కొన్నాళ్లకి బయట వానలో గొడుగులు పట్టుకుని నిలబడే జనం తయారయ్యారు. లోపల నవ్వులు, కాఫీ వాసన, ఈలలు.

వేషం కట్టేది స్టోర్ రూములో, పిండి బస్తాల మధ్య. చిన్న ఓనరు అక్కడో నిలువుటద్దం పెట్టించాడు. గౌను వెనక జిప్పు చిలకమ్మ చేతికి అందేది కాదు. అది పైకి లాగడం తన పనే అన్నట్టు చిన్న ఓనరు ప్రతి ఆదివారం టంచనుగా వచ్చేవాడు.

"జిప్పు లాగడానికి ఇంతసేపా?" అన్నాడు చిలకమ్మ ఓ రోజు, అద్దంలోంచి చూస్తూ.

"ఇరుక్కుంది."

"జిప్పా? నువ్వా?"

చిన్న ఓనరు చెవులు ఎర్రబడ్డాయి. "నేనే" అన్నాడు.

మీరు పోయి నువ్వు వచ్చింది. ఆదివారాలే కాక మిగతా సాయంత్రాలు కూడా కలుసుకోవడం మొదలైంది. నాన్నకి నెమ్మదిగా చెబుతానని చిన్న ఓనరు మాటిచ్చాడు.

ఆ నాన్న, అందరూ పెద్దాయన అని పిలిచే పాత ఓనరు, ఒంట్లో బాగోక కూతురింట్లో ఉండి, కోలుకుని తిరిగొచ్చాడు. ఓ ఆదివారం మూల బల్ల దగ్గర కూర్చుని ఆటంతా చూశాడు. పాటకీ పాటకీ మధ్య కొడుకుని పిలిచాడు.

"ఎవర్రా ఆ అబ్బాయి? నీకేమవుతాడు?"

"ఎవరూ కాదు నాన్నా. ఆదివారాలు వచ్చిపోయే ఆర్టిస్టు."

ఆ బల్ల పక్కనే, స్టోర్ రూము తెర వెనక, చిలకమ్మ చేతిలో లిప్‌స్టిక్ ఆగిపోయింది. బయట పాట మొదలైంది. వెళ్లాడు. ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదని అందరూ అన్నారు.

ఆట అయ్యాక చిన్న ఓనరు పరుగున వచ్చాడు. "ఒక్కసారిగా అడిగేసరికి భయమేసింది. నాన్న ఆరోగ్యం చూసుకుని చెబుదామని..."

"నువ్వు చెప్పలేదని కాదు నా ఏడుపు. ఆ మాట విని కూడా పళ్లికిలించుకుంటూ వెళ్లి ఆడాను చూడు, అందుకు. చిన్నప్పట్నుంచీ నాకిదే అలవాటు. చుట్టాలొస్తే మా నాన్న నన్ను వెనకగదిలోకి పొమ్మనేవాడు. నవ్వుతూ వెళ్లేవాణ్ణి. నీ దగ్గర కూడా నా చోటు వెనకగదేనా?"

చిలకమ్మ సంచీ సర్దుకున్నాడు. వేరే ఊరి నాటక బృందం ఎప్పట్నుంచో రమ్మంటోంది. నెలాఖరుకి వస్తానని ఆ వారమే మాటిచ్చేశాడు.

తర్వాత కొన్నాళ్లకి డ్రైవింగ్ స్కూలుకి కొత్త స్టూడెంటు వచ్చాడు. పెద్దాయన! స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, బిగుసుకుని కూర్చున్నాడు.

"క్లచ్ మెల్లగా వదలండి బాబాయ్ గారూ" అన్నాడు చిలకమ్మ, రోడ్డు వైపే చూస్తూ.

కారు ఎగిరి ఆగిపోయింది.

"నాకీ వయసులో డ్రైవింగెందుకు బాబూ! నీతో మాట్లాడదామని వచ్చాను. ఆ రోజు మావాడు నిన్ను చూస్తున్నాడు, నేను వాణ్ణి చూస్తున్నాను. నాకప్పుడే తెలిసిపోయింది."

"మరి ఎందుకడిగారు?"

"వాడి నోట విందామని." పెద్దాయన స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ భయం వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచించాను. వాడి చిన్నప్పుడు టీవీలో నీలాంటివాళ్లు కనిపిస్తే నేను వెక్కిరించేవాణ్ణి. వాడు పక్కనే కూర్చుని, తలొంచుకుని అన్నం తినేవాడు. ఎందుకు తలొంచుకున్నాడో చూడలేదు నేను."

చిలకమ్మ కళ్లు తుడుచుకున్నాడు. తన తండ్రి ఏనాడూ ఇంత దూరం రాలేదు.

"ఒక్క ఆదివారం రా బాబూ. తర్వాత నీ ఇష్టం."

ఊరు వదిలే రోజు ఆదివారమే. బస్సు సాయంత్రం. చిలకమ్మ వచ్చి వేషం కట్టాడు. పాట మొదలవకముందే చిన్న ఓనరు తెర తీసి, చెయ్యి పట్టుకుని, జనంలోకి నడిపించాడు. ఒక్కో బల్ల దగ్గరా ఆగాడు.

"ఈయన నా మనిషి" అన్నాడు. తర్వాతి బల్ల దగ్గర ఇంకోసారి. చివరికి తండ్రి ముందు.

పెద్దాయన లేచి నిలబడి చిలకమ్మ తల నిమిరాడు. "మావాడే" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. వంటమాస్టరు గరిటెతో బయటికొచ్చి, పాట లేకుండానే ఆడడం మొదలెట్టాడు.

బస్సు దగ్గర వాన మొదలైంది.

"ఇంకా వెళ్లాలా?" అన్నాడు చిన్న ఓనరు.

"వెళ్లాలి. వాళ్లకిచ్చిన మాట కోసమొక్కటే కాదు. నువ్వివాళ అంతమందిలో చెప్పావు. నాకు చాలా సంతోషం. కానీ ఆ రోజు నువ్వు 'ఎవరూ కాదు' అన్నది ఇవాళ పాట మధ్యలో కూడా వినిపించింది. ఎప్పుడు పోతుందో తెలీదు."

"నేను ఆగుతాను."

"ఆగమని అడగను."

"అడక్కపోయినా ఆగుతాను."

బస్సు కదిలింది. చిన్న ఓనరు తడుస్తూ మలుపు దాకా పక్కనే నడిచాడు. చిలకమ్మ ముఖాన అలవాటైన నవ్వు రాబోయింది. ఈసారి రానివ్వలేదు. కిటికీకి తల ఆనించి, బస్సులో జనం తిరిగి చూస్తున్నా సరే, వెక్కి వెక్కి ఏడ్చాడు.